పెరటి పువ్వుకు పొలం మందు వద్దు

ఎండలు ముదిరితే చాలు, బొబ్బిలి వీధుల్లో మందార మొక్కల కొసలు ముడుచుకుపోయి తెల్లటి పిండి పట్టేస్తాయి. ఇంటివాళ్లు ముందుగా వెళ్లేది పురుగుమందుల దుకాణానికి. "మందారానికి తెల్లగా పట్టీసింది, ఏదైనా గట్టి మందు ఇయ్యండి" అని అడుగుతారు. పురుగేదో, ఆకెలా ఉందో అక్కడ చూసేవాళ్లు తక్కువ. పత్తికో మిరపకో వాడే డబ్బా మూత తిప్పి, ఖాళీ టానిక్ సీసాలో కొంచెం వంచి, బకెట్టు నీళ్లలో కలిపి కొట్టమంటారు. ఆ సీసా మీద మందు పేరుండదు. ఎంత కలపాలో, తాగితే ఏమవుతుందో, విరుగుడేమిటో ఉండదు. సగం వాడి మిగతా సగం వచ్చే వేసవికి పనికొస్తుందని స్నానాల గది కిటికీలోనో, వంటింటి గూట్లోనో పెడతారు.

ఈ అలవాటు మన ఊళ్లోంచి పోవాలి. దాని బదులు, ఆకు తీసుకెళ్లి చూపిస్తే పురుగు పేరు చెప్పే మనిషి ప్రతి పట్టణంలోనూ దొరకాలి. నేను బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. ఇప్పటికీ మా వీధిలో ఎవరి మల్లెకి మచ్చ వచ్చినా ఆకు పట్టుకుని మా గుమ్మంలోకే వస్తారు. భూతద్దం పెట్టి చూసి తెలిసింది చెబుతాను. కానీ పాతిక ముప్ఫై వీధులున్న పట్టణం ఒక రిటైరయిన టీచరు మీద ఆధారపడాల్సిన పని కాదిది.

పెరటి పువ్వు ఎక్కడికి వెళుతుందో ఒకసారి ఆలోచించండి. తెల్లవారుతూనే కోసి దేవుడికి పెడతాం, ఆ చేత్తోనే తీర్థం పుచ్చుకుంటాం. మల్లెలు, కనకాంబరాలు మాల కట్టేటప్పుడు దారాన్ని పంటితో తెంపుతాం. మందారాకు రుబ్బి తలకి పట్టిస్తాం, పువ్వుల్ని కొబ్బరినూనెలో కాచి పిల్లల జుట్టుకి రాస్తాం. నూరువరహాల పువ్వు లాగి కాడ చివర తేనె పీల్చని పిల్లలు మన ఊళ్లో ఎవరున్నారు? పొలంలో మందు కొడితే కోతకి ముందు ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉంటుంది. పెరట్లో సాయంత్రం కొట్టి తెల్లారేసరికి పూలు కోస్తాం. పూలబుట్ట పట్టుకున్న ఆడవాళ్లు, పిల్లలే ఆ విషాన్ని ముందుగా ముట్టుకుంటారు.

మోతాదు సంగతి ఇంకా భయపెడుతుంది. రసం పీల్చే పురుగులకి బాగా అమ్ముడయ్యే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణాన్ని పంటలకి సాధారణంగా లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్ల లెక్కన వాడమంటారు. అంటే ఆరేడు చుక్కలు. ఒక మందార మొక్కకి లీటరు నీళ్లు చాలు. ఆ లీటరులో సీసా మూతతో ఒక మూత పోస్తే అయిదు మిల్లీలీటర్లు దాటుతుంది, అంటే పంటకి కొట్టేదానికి పదిహేను రెట్లు పైనే. ఆ పువ్వుల మీదకే పొద్దున్న తేనెటీగలు వస్తాయి. ఇమిడాక్లోప్రిడ్‌తో సహా మూడు నియోనికోటినాయిడ్ మందుల్ని ఆరుబయలు పంటల్లో వాడకుండా ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది తేనెటీగల కోసమే. పొలంలో ఒక రైతు కొలిచి వాడే మందుని ఇంటి పెరట్లో కొలవకుండా పోస్తున్నాం.

పురుగుమందుల చట్టం 1968లోనే వచ్చింది. మందుని కంపెనీ ప్యాకింగులో, లేబులుతో, కరపత్రంతో అమ్మాలి. విడిగా సీసాల్లోకి వంచి అమ్మడం చట్టవిరుద్ధం. లేబులు మీద రంగు త్రికోణం చదువు రానివాళ్లకి కూడా అర్థం కావాలని పెట్టిందే. ఎరుపు అంటే అత్యంత విషం, పసుపు అంటే తీవ్ర విషం, నీలం మధ్యస్తం, ఆకుపచ్చ తక్కువ. టానిక్ సీసాలోకి వంచిన క్షణాన ఆ త్రికోణం పోతుంది. అది పోతే ఏమవుతుందో 2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లా గండామన్ గ్రామం చూసింది. బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది. పురుగుమందు డబ్బా వంటింటి సామాన్లలో చేరడమే దానికి కారణం. బళ్లో జీవితమంతా గడిపిన నాకు ఆ వార్త ఇప్పటికీ గుండెల్లోంచి పోలేదు. ఆ మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. దాని 36 శాతం ద్రావణాన్ని ఆపేయడానికి కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఇప్పటికీ "మోనో ఉంటే ఇయ్యండి, గులాబీకి" అని అడిగేవాళ్లున్నారు. కూరగాయకి పనికిరాని విషం దేవుడి పువ్వుకి ఎలా పనికొస్తుంది?

ఇక మందారం మీది తెల్లపిండి దగ్గరకి వద్దాం. అది బూజు కాదు, పురుగు. పేరు పిండినల్లి. ఒంటి మీద మైనపు పొడి కప్పుకుని కదలకుండా కూర్చుని రసం పీలుస్తుంది. ఒకదాన్ని పుల్లతో నలిపి చూడండి. గులాబీ రంగు వస్తే మందారం, గోగు, పత్తి మొక్కల మీద పాతకాలం నుంచీ ఉన్న గులాబీ పిండినల్లి. దాని లాలాజలంలోని విషం వల్ల కొస ఆకులు గుత్తిలా ముడుచుకుపోతాయి. పసుపు రంగు వస్తే బొప్పాయి పిండినల్లి. ఇది 2008లో కోయంబత్తూరు దగ్గర మన దేశంలో మొదటిసారి కనబడింది, తరవాత దక్షిణాది అంతా పాకింది.

గులాబీ పిండినల్లి మన ప్రాంతానికి కొత్త కాదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్టపొలాల్లో తరాలుగా వేసిన గోగు మందారానికి సొంత బంధువు, రెండూ ఒకే ప్రజాతివి. గోగు మొక్క కొస గుత్తిలా ముడుచుకుపోవడం మన రైతులకి బాగా తెలుసు. గోగు రకాల మీద పరిశోధన చేసే కేంద్రం ఆముదాలవలసలోనే ఉంది. మన పెద్దవాళ్లు ముడుచుకున్న గోగు కొసని తుంచి తగలబెట్టేవారు. పట్నంలో కాపురం పెట్టాక మందారం విషయంలో ఆ పని మరిచిపోయాం.

ఈ పురుగుని ఎదుర్కోవడంలో భారతదేశం ప్రపంచానికే సాయం చేసిందని ఎంతమందికి తెలుసు? 1994లో వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవికి ఈ గులాబీ పిండినల్లి చేరింది. అక్కడ ఇళ్లకి కంచెలుగా పెంచే మందారాలు మాడిపోయాయి. మందులు కొట్టారు, చెట్లు నరికి కాల్చారు, లొంగలేదు. 1996లో భారతదేశం నుంచి పిండినల్లిని తినే అక్షింతల పురుగుల్ని తెప్పించుకుని వదిలారు. వాటితోపాటు, పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపే ఒక చిన్న బదనికని కూడా వదిలారు. ఆ రెండూ కలిసి పిండినల్లిని అణిచాయి. పంపిన అక్షింతల పురుగుల్లో ఒకటి క్రిప్టోలీమస్. అది 1898లో ఆస్ట్రేలియా నుంచి మన కాఫీతోటల కోసం వచ్చి దక్షిణాదిలో స్థిరపడింది. బొప్పాయి పిండినల్లి విషయంలోనూ ఇంతే. 2010లో ప్యూర్టోరికో నుంచి అసిరోఫేగస్ పపాయే అనే కంటికి ఆననంత చిన్న బదనికని తెప్పించి, బెంగళూరులోని జాతీయ సంస్థ పెంచి తోటల్లో వదిలింది. మందు పిచికారీలతో పోని పురుగు ఆ బదనికతో అదుపులోకొచ్చింది.

మన పెరట్లో జరుగుతున్న నష్టం చూడండి. క్రిప్టోలీమస్ పిల్లపురుగు చూడ్డానికి అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. ఒంటి నిండా తెల్లటి మైనపు కుచ్చులు. మన దేశీ అక్షింతల పురుగుల్లో కొన్నింటి పిల్లలూ అలాగే ఉంటాయి. తేడా ఇది. పిండినల్లి కూర్చున్నచోటే కూర్చుంటుంది, ఇవి చురుగ్గా నడుస్తాయి, పరిమాణంలోనూ పెద్దవి. పిండినల్లి గుంపుల మధ్య తిరుగుతూ వాటినే తినే మరో పురుగు ఉంది, ఒక చిన్న సీతాకోకచిలుక గొంగళి. దాని గూడు తిప్పి చూస్తే కోతి ముఖంలా కనిపిస్తుంది. మా పక్కింటి పిన్ని ఒకసారి మందారం కొమ్మ తెచ్చి, "టీచరమ్మా, పెద్ద పిండిపురుగులు కూడా పుట్టీనాయమ్మా" అని చూపించింది. ఆ పెద్దవి అక్షింతల పురుగు పిల్లలు. భూతద్దంలో ఒకటి పిండినల్లిని నోట కరిచి ఉండగా పిన్ని చూసింది. ఆ కొమ్మని తీసుకెళ్లి మళ్లీ చెట్టుకే కట్టింది. మందు కొట్టి ఉంటే అవన్నీ ముందు చచ్చేవి. పిండినల్లి గుడ్లు మైనపు సంచిలో దాక్కుని మళ్లీ పుట్టుకొచ్చేవి. మందు కొట్టిన కొద్దీ పురుగు ఎక్కువవుతోందని జనం చెప్పేది నిజమే, కారణం ఇదే.

మందారానికి మందు లేకుండా ఏం చెయ్యాలంటే, పెద్ద శ్రమ లేదు. ముడుచుకున్న కొసల్ని కత్తిరించి కవర్లో కట్టి కాల్చేయండి. గోడ అవతల కాలువలో పారేస్తే అక్కడి గడ్డి మీంచి మళ్లీ పాకుతుంది. మిగతా కొమ్మల్ని పైపు నీళ్లతో గట్టిగా కడగండి. రెండు రోజులకోసారి కడిగితే చాలావరకు జారిపోతాయి. మిగిలితే లీటరు నీటికి 1500 పీపీఎం వేపనూనె 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి. వారానికి మళ్లీ చూడండి. చీమల్ని మాత్రం తప్పకుండా చూసుకోవాలి. పిండినల్లి, పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. మొదలుకి గుడ్డపట్టీ చుట్టి దాని మీద గ్రీజు రాస్తే చీమలు ఎక్కలేవు. కుండీ కింద నీళ్లపళ్లెం పెడతారు కొందరు. అది పెట్టొద్దు, డెంగీ దోమ పుట్టేది అందులోనే.

ఆ జిగురు మీదే మసి తెగులు పెరుగుతుంది. ఆకులు నల్లగా పొగచూరినట్టుంటే తెగులు మందు కొనేస్తారు. నలుపు చూసి మోసపోకూడదు. పైకొమ్మల్లో జిగురు కార్చే పురుగెక్కడుందో వెతకాలి. అది పోతే మసి దానంతటదే రాలిపోతుంది.

మల్లె సంగతి వేరు. మల్లెమొగ్గలు రెండుమూడు కలిసి దారంతో కుట్టినట్టుండి, మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటే మొగ్గ తొలిచే పురుగు. మొగ్గ మొదలు ఉబ్బి, ఊదారంగుకి తిరిగి, విచ్చుకోకుండా రాలిపోతే మొగ్గ ఈగ. ఈ రెండింటికీ పైనుంచి కొట్టే మందు అందదు, పురుగు మొగ్గ లోపల ఉంటుంది. మొగ్గ ఈగ పిల్ల మొగ్గలోంచి నేలమీదకి దిగి మట్టిలోనే ఈగగా మారుతుంది. కాబట్టి రాలిన మొగ్గల్ని ఏ రోజుకా రోజు ఏరి పారెయ్యాలి, చెట్టు కింద మట్టి గుల్ల చేసి వేపపిండి కలపాలి. చలికాలంలో మల్లెని కత్తిరించడం మనవాళ్లు పూల కోసమే చేస్తారనుకుంటాం. పాత కొమ్మల్లో దాక్కున్న పురుగు కూడా దాంతోనే పోతుంది. ఆకుల మీద తెల్లటి ముఖమల్ గుడ్డ అంటించినట్టు నూగు కనిపిస్తే అది కంటికి కనబడని ఒక నల్లి పని. పేరులో నల్లి ఉన్నా పిండినల్లి పురుగే, ఈ నల్లి మాత్రం పురుగుజాతి కాదు, ఎనిమిది కాళ్ల సాలీడు బంధువు. పురుగుమందు దాన్ని చంపదు సరికదా, దాన్ని తినేవాటిని చంపి పెంచుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి చల్లపూట కొట్టాలి. మన వైశాఖ మాసపు ఎండల్లో కొడితే ఆకు మాడుతుంది, ఆ నెల ఆగండి.

తెగుళ్లు, పురుగుల కంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది నిర్దోషుల్ని చంపడం. గులాబీ ఆకు అంచున కత్తెరతో కత్తిరించినట్టు గుండ్రటి ముక్కలు పోయి ఉంటాయి. ప్రతి వర్షాకాలం ఎవరో ఒకరు ఆ ఆకు తెచ్చి "ఏటి తినీసింది?" అని అడుగుతారు. ఏదీ తినలేదు. ఆకు కోసే తేనెటీగ ఆ ముక్కల్ని మోసుకెళ్లి తన గూట్లో పిల్లలకి పరుపులు పరిచింది. గులాబీకి దాంతో నష్టం లేదు. మన పొలం గట్ల మీది కందిపువ్వుకి పరాగసంపర్కం చేసే వాటిలో ఈ జాతి తేనెటీగలే ముఖ్యం. దాని మీద విషం కొట్టడమంటే మన పప్పుకుండ మీద కొట్టుకోవడమే. నందివర్ధనం, గన్నేరు ఆకుల్ని రాత్రికి రాత్రి బోడి చేసే ఆకుపచ్చ లద్దెపురుగుకి తలవెనక రెండు నీలికళ్లలాంటి మచ్చలుంటాయి. పాము అని భయపడతారు. నేలమీద మిరియాల్లాంటి పెంటికలు కనిపిస్తే పైకి చూడండి, అక్కడుంటుంది. రెండో మూడో ఉంటాయంతే, కర్రతో తీసి దూరంగా వదిలితే సరి. కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పిల్ల. ఒక మొక్క ఆకులు నాలుగు పోతే పోనీ. జిల్లేడు, గన్నేరు కొసల్లో కనిపించే పసుపుపచ్చ పేనుబంక మీ గులాబీ మీదకి రాదు. అది ఆ పాలచెట్లనే పట్టుకుని ఉంటుంది. అక్షింతల పురుగులకి మేతగా దాన్ని అక్కడే ఉండనివ్వండి.

జాగ్రత్త పడాల్సింది మాత్రం కొత్తమొక్కల విషయంలో. తొలకరి పడగానే కడియం మొక్కలంటూ వ్యాన్లు మన వీధుల్లోకి వస్తాయి. ఆ మొక్కలు కొనొద్దని నేను అనను, మా ఇంటి నిండా అవే. కానీ పురుగులు ఊళ్లు దాటేది ఎక్కువగా మొక్కలతోనే. 2016లో పొల్లాచ్చి దగ్గర మన దేశంలోకొచ్చిన సర్పిలాకార తెల్లదోమ అదే ఏడాది చివరికి కడియం ప్రాంతపు నర్సరీల్లో కనబడింది. అక్కణ్నుంచి కొబ్బరి, అరటి, జామల మీదుగా ఉత్తరాంధ్ర తోటల దాకా వచ్చింది. దాన్ని కూడా మందులతో కాకుండా అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం బదనికల్ని, పురుగుకి జబ్బు తెప్పించే శిలీంధ్రాన్ని పెంచి పంచి అదుపు చేస్తోంది. కొత్త మొక్క ఇంటికి వస్తే రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా పెట్టండి. ఆకు వెనక్కి తిప్పండి. తెల్లటి మైనం చుట్టలు చుట్టలుగా ఉంటే ఆ ఆకులు తీసి కాల్చి, అప్పుడు లోపలికి తీసుకెళ్లండి.

2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప రైతుల్ని ముంచేసిన నల్ల తామరపురుగు గుర్తుందా? 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదట గుర్తించిన ఆ పురుగు పువ్వులో కాపురముండే రకం. బంతి, చామంతి వంటి పూలలోనూ బతుకుతుంది. బంతిపువ్వుని తెల్లకాగితం మీద దులిపితే సన్నటి గీతల్లా పరిగెత్తేవి తామరపురుగులే. ఎక్కువ ఉంటే ఆ పూలు కోసి నాశనం చెయ్యండి, నీలిరంగు జిగురు అట్ట ఒకటి వేలాడదియ్యండి. తెల్లదోమకైతే పసుపు రంగు అట్ట. మన పెరటి చామంతికి, ఊరవతల మిరప మడికి మధ్య కంచె లేదు. పురుగుని గుర్తుపట్టగలిగిన ఇల్లు చుట్టుపక్కల రైతుకి కూడా ముందుగా కబురందించగలదు.

"ఇంటి చిట్కా" పేరుతో చెప్పేవన్నీ మంచివని కూడా నేను ఒప్పుకోను. పొగాకు కషాయంలో ఉండేది నికోటిన్. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్లే విషం, పిల్లలున్న ఇంట్లో కాచకండి. కిరోసిన్ చల్లితే ఆకు మాడుతుంది. సబ్బు ఎక్కువైనా అంతే. గులాబీ కొమ్మల మీద గోధుమరంగు పొలుసుల్లా అంటుకుని ఉండే పొలుసు పురుగుల్ని మాత్రం పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తీసేస్తే చాలు. పేనుబంకకి మన నాయనమ్మలు పొయ్యి బూడిద చల్లేవారు, అది పనిచేస్తుంది. వేపగింజల కషాయానికి సాటి వచ్చేది నాకు తెలిసి ఇంకేదీ లేదు. ఆషాఢంలో రాలిన వేపపళ్లు ఏరి, గింజ నీడన ఎండబెట్టి దాచుకోవచ్చు. 50 గ్రాముల పప్పు దంచి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి సాయంత్రం కొట్టాలి. మన జిల్లాలో వేపచెట్టు లేని ఊరు లేదు. ఆ గింజలు రోడ్డు మీద బళ్ల కింద నలిగిపోతున్నాయి.

పూలసాగు మీద బతికే రైతు మాటేమిటని అడుగుతారు. ఎకరం బంతి వేసి అప్పు తీర్చుకోవాల్సిన మనిషికి, గుమ్మం ముందు నాలుగు కుండీలున్న మనకి ఒకే నియమం పెట్టడం న్యాయం కాదు. అతనికి నష్టం ఇంత దాటితే మందు కొట్టాలన్న లెక్క ఉంటుంది, కొలత ఉంటుంది, ఆగాల్సిన రోజులుంటాయి, ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంది, గ్రామ ఉద్యాన సహాయకుడున్నాడు. మనకి నాలుగు ఆకులు పోతే పోయేదేమీ లేదు, కాబట్టి మనం ఎర్ర, పసుపు త్రికోణం మందుల జోలికి వెళ్లాల్సిన అవసరమే లేదు. ఇది నా గట్టి అభిప్రాయం, ఇందులో మినహాయింపు నాకు కనిపించదు.

అయితే పట్నవాసికి అడిగే చోటు లేదన్నది నిజం. వార్డు సచివాలయాల్లో ఉద్యాన సహాయకులు లేరు. పల్లెలో ఉన్న సదుపాయం పట్టణంలో గడప దాటదు. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, రాజాం వంటి ఊళ్లలో ప్రతి ఇంటి ముందూ మొక్కలున్నాయి. అందుకే ఉద్యాన శాఖని, మున్సిపాలిటీలని నేను అడుగుతున్నాను. వారానికి ఒక పూట, సంత రోజున, మార్కెట్ దగ్గర ఒక బల్ల వెయ్యండి. ఒక భూతద్దం, ఒక మనిషి చాలు. జనం ఆకులు తెస్తారు, పురుగు పేరు తెలుసుకుని వెళతారు. పక్కనే పార్వతీపురంలో ఉద్యాన కళాశాల ఉంది. రస్తాకుంటుబాయిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. చివరి సంవత్సరం విద్యార్థుల్ని పల్లెలకి ఎలాగూ పంపుతారు, వాళ్లలో కొందరిని పట్టణ వార్డులకి పంపండి. పల్లె రైతు పొలంలో నేర్చుకునేదానికి తీసిపోని పాఠం మా పెరళ్లలో దొరుకుతుంది. 1914లోనే మద్రాసు ప్రభుత్వం తన కీటక శాస్త్రవేత్త ఫ్లెచర్ చేత దక్షిణ భారత కీటకాల మీద బొమ్మలతో పెద్ద పుస్తకం రాయించి అచ్చువేసింది. మన ఇంటి పూలమొక్కల మీద వాలేవి ఓ ముప్ఫై పురుగులుంటాయేమో. వాటి రంగు ఫొటోలతో, మిత్రులేవో శత్రువులేవో చెప్పే చిన్న తెలుగు పుస్తకం ఉద్యాన విశ్వవిద్యాలయం వెయ్యకూడదా?

వ్యవసాయ శాఖ తనిఖీ అధికారులు సీసాల్లోకి వంచి అమ్మే పద్ధతి మీద నిఘా పెట్టాలి. అమ్మేవాళ్లని బెదిరించడం ఒక్కటే చాలదు. చిన్న కొలత మందు లేబులుతో దొరకదు కాబట్టే వాళ్లు వంచుతున్నారు. వేపనూనె, గంధకం, జిగురు అట్టలు ఇంటి కొలతల్లో, తెలుగు లేబులుతో, కొలిచే మూతతో దుకాణాల్లో ఉంటే ఎర్ర త్రికోణం డబ్బా మూత తిప్పాల్సిన అవసరం వాళ్లకీ ఉండదు. బళ్లలో పర్యావరణ సంఘాలున్నాయి, బడి తోటలున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లకి భూతద్దం ఇచ్చి అక్షింతల పురుగు పిల్లని ఒకసారి చూపిస్తే చాలు, ఆ పిల్ల ఇంటికెళ్లి వాళ్ల నాయనమ్మ చేతిలోని సీసా తీసుకుంటుంది. నా విద్యార్థినులు ఆ పని చేశారు, నేను చూశాను.

బల్ల వేసేదాకా మీరు ఆగక్కర్లేదు. ఈ ఆదివారం మీ ఇంట్లో పేరు లేని సీసా ఉంటే పిల్లలకి అందనిచోట తాళం వేసి పెట్టండి. కాలువలో పొయ్యకండి, చేపలు చస్తాయి. దాన్ని ఎలా వదిలించుకోవాలో మండల వ్యవసాయాధికారిని అడగండి. జబ్బు పడిన ఆకుని కవర్లో వేసుకుని ఉద్యాన అధికారి కార్యాలయానికి వెళ్లండి, చూడనంటే మళ్లీ వెళ్లండి. ఇంట్లోంచి కదల్లేనివాళ్లు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకి ఫోన్ చెయ్యవచ్చు. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు, పెరటి మందారం గురించి అడిగినా జవాబు చెబుతారు.